చిల్లుల దుప్పటిలో వెచ్చదనం

దుప్పటికి సొంతంగా వేడి ఉండదర్రా పిల్లలూ. పెట్టెలోంచి తీసిన ఊలు దుప్పటి మీద థర్మామీటరు పెట్టి చూడండి, గదిలో ఎంత వేడి ఉంటే అక్కడా అంతే చూపిస్తుంది. వేడి పుట్టేది మన ఒంట్లో. ఊరికే కూర్చున్న ఎదిగిన మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి బయటికి పోతూ ఉంటుంది, నిద్రలో ఇంకాస్త తక్కువ. ఆ వేడి పారిపోవడాన్ని ఆలస్యం చేయడమే దుప్పటి పని. నమ్మకం కుదరకపోతే ఒక ఐసు ముక్కను ఊలు శాలువాలో చుట్టి, అంతే పరిమాణం ఉన్న ఇంకో ముక్కను పళ్లెంలో వదిలేయండి. శాలువాలోదే ఆలస్యంగా కరుగుతుంది. లోపలి వేడిని బయటికి పోనివ్వని దుప్పటి, బయటి వేడిని లోపలికీ రానివ్వదు. ఐసు ఫ్యాక్టరీల దిమ్మలను వరి ఊకలోనూ రంపపు పొట్టులోనూ కప్పి ఉంచేదీ ఇందుకే.

పోయిన చలికాలం మా మనవరాలు వాళ్ల అమ్మమ్మ కొక్కెం సూదితో అల్లిన క్రోషా దుప్పటి కప్పుకుని, వేళ్లు చిల్లుల్లోంచి బయటికి పెట్టి అడిగింది: “తాతయ్యా, ఇన్ని చిల్లులున్నాయిగా, చలి లోపలికి రాదూ?”

ఎంత మంచి ప్రశ్న! ఆ చిల్లుల వల్లే దుప్పటి పనిచేస్తుంది, కానీ ఒక షరతు మీద. కదలకుండా ఉన్న గాలి వేడిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి దాటించడంలో చాలా మందకొడి. నీళ్లు గాలికంటే ఇరవై రెట్లకు పైగా బాగా వేడిని దాటిస్తాయి. రాగి అయితే సుమారు పదిహేను వేల రెట్లు. ఒక్క ఊలు పోగును విడిగా తీసుకుంటే అది కూడా గాలికంటే ఎక్కువ వేడినే పోనిస్తుంది. కాబట్టి దుప్పటిలో వెచ్చదనాన్ని కాపాడేది ఊలు కాదు, ఊలు మధ్య చిక్కుకున్న గాలి. అయితే గాలి కదిలిందా, ఆ గుణమంతా పోయినట్టే. వేడెక్కిన గాలి తేలికై లేచిపోతుంది, దాని చోట్లోకి చల్లగాలి వస్తుంది, ఒంటి వేడి దానితో పోతుంది. కొద్ది మిల్లీమీటర్ల అరల్లో మాత్రం గాలి అలా సుడి తిరగలేదు. అందుకే చిన్న చిన్న అరలు కావాలి.

ఇక షరతు సంగతి. ఫ్యాను కిందో, కిటికీ పక్కనో చిల్లుల దుప్పటి ఒక్కటే కప్పుకుంటే గాలి ఇటునుంచి అటు దూసుకుపోతుంది, వణుకు తగ్గదు. దాని మీద ఒక పలచని నూలు దుప్పటి పరచండి. చిల్లులన్నీ మూతపడి, ప్రతి చిల్లూ ఒక గాలి గది అవుతుంది. ఆసుపత్రుల్లో వాడే గళ్లుగళ్లుగా ఉండే నూలు దుప్పట్లు ఈ సూత్రం మీద తయారైనవే. బరువు తక్కువ, ఉతకడం సులువు, పైన ఒక పలచని బట్ట ఉంటే వెచ్చదనానికి లోటు ఉండదు. లంబసింగిలోనో ఆదిలాబాదులోనో అయితే ఊలు కావాలిగాని, మన కోస్తా ఊళ్ల చలికి నూలు దారంతో అల్లిన క్రోషా దుప్పటి, దాని మీద పాత పంచె ఒకటీ చాలు. తడిసిన దుప్పటి ఎందుకు వెచ్చగా ఉండదో ఇప్పుడు మీరే చెప్పగలరు. గాలి ఉండాల్సిన గదుల్లో నీళ్లు చేరతాయి కదా.

ఇక దారం. కొట్లో ఊలు అని అడిగితే ఇచ్చే ఉండల్లో చాలాభాగం ఊలు కాదు, అక్రిలిక్. పెట్రోలియం నుంచి వచ్చే రసాయనాలతో కార్ఖానాలో చేసిన పోగు అది. చవక, రంగులు బాగుంటాయి, పురుగు పట్టదు. చెడ్డదని నేననను, కానీ ఏది ఏదో తెలిసి కొనాలి. చిన్న పరీక్ష ఉంది, పెద్దవాళ్లు పక్కన ఉంటేనే చేయండి. అంగుళం దారాన్ని పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్ల పళ్లెం పెట్టి నిప్పు చూపించండి. అసలైన ఊలు నెమ్మదిగా ముడుచుకుంటూ కాలుతుంది, జుట్టు కాలిన వాసన వస్తుంది, మసిని వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. ఊలులో ఉన్నదీ మన జుట్టులో, గోళ్లలో ఉన్నదీ ఒకే రకం ప్రోటీను, కెరాటిన్. నూలు కాలితే కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. అక్రిలిక్ కరిగి, చివర నల్లగా గట్టి పూస కట్టుకుంటుంది. ఆ కరిగిన పూస చర్మానికి అంటుకుంటే ఊడిరాదు. అందుకని పొయ్యి మీది గిన్నెలు పట్టుకుని దించే గుడ్డల్ని అక్రిలిక్ దారంతో అల్లకండి. వాటికి నూలు దారమే తగినది.

ఊలుకు ఇంకో గొప్ప గుణం ఉంది. తన బరువులో సుమారు 30 శాతం తేమను పీల్చుకుని కూడా చేతికి తడి అనిపించనివ్వదు. మామూలు గాలిలో ఊలు పట్టి ఉంచే తేమ దాని బరువులో 16 శాతం దాకా ఉంటుంది, పత్తిలో 8 శాతం, అక్రిలిక్ లో 2 శాతం. చెమటను అక్రిలిక్ తాగదు, ఒంటి మీదే వదిలేస్తుంది. ఊలు ఆవిరిని లోపలికి తీసుకునేటప్పుడు కొద్దిగా వేడిని కూడా విడుస్తుంది. తెలంగాణలో కురుమలు నేసే నల్ల గొంగడి కప్పుకుని గొర్రెల కాపరులు వానలో తిరిగేది ఊరికే కాదు. దక్కనీ గొర్రె బొచ్చుతో వడికిన దారానికి చింతగింజల గంజి పట్టిస్తారు. గొంగడి గుచ్చుకుంటుంది, నిజమే. గుచ్చుకోవడానికీ లెక్క ఉంది. పోగు మందం సుమారు 30 మైక్రాన్లు దాటితే, దాని కొస చర్మానికి తగిలినప్పుడు వంగదు, లోపలి నరాన్ని పొడుస్తుంది. మెరినో గొర్రె పోగు 20 మైక్రాన్ల దగ్గర ఉంటుంది గనక వంగిపోతుంది, మెత్తగా తోస్తుంది. దురద ఊలు వల్ల కాదర్రా, లావు వల్ల.

పత్తి పోగు పొడవు చూశారా? సుమారు మూడు సెంటీమీటర్లు. అలాంటి పొట్టి పోగులు చేరి కిలోమీటర్ల దారం అవుతున్నాయి. జిగురు లేదు, ముడి లేదు. దీన్ని గురించి గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలోనే ఆలోచించాడు. పురి పెట్టినప్పుడు పోగులు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, నొక్కుడు వల్ల రాపిడి పుడుతుంది, లాగినకొద్దీ ఆ నొక్కుడు పెరుగుతుంది. 2018లో వారెన్, బాల్, గోల్డ్‌స్టీన్ అనే ముగ్గురు భౌతిక శాస్త్రవేత్తలు దీనికి గణితం రాశారు. ఒక్కొక్క రాపిడీ చాలా చిన్నది. అవి తగినన్ని చేరాయంటే మాత్రం దారం జారిపోవడం మానేస్తుంది, ఇక తెగాల్సిందేగాని విడిపోదు.

దారం సాగదు, కానీ దానితో అల్లిన టోపీ సాగుతుంది. ఎందుకంటే సాగేది దారం కాదు, ఉచ్చుల ఆకారం. లాగితే గుండ్రటి ఉచ్చు కోలగా మారుతుంది, వదిలితే మళ్లీ దగ్గరకొస్తుంది. ఏ కుట్టు వేస్తే బట్ట ఎటు ఎంత సాగుతుందో అమెరికాలోని జార్జియా టెక్ లో ఎలిసబెట్టా మాట్సుమొటో అనే భౌతిక శాస్త్రవేత్త తన బృందంతో పరిశోధిస్తున్నారు. రెండు సూదులతో అల్లే స్వెట్టరుకూ క్రోషాకూ పెద్ద తేడా ఒకటుంది. స్వెట్టరు అల్లేటప్పుడు వరసలోని ఉచ్చులన్నీ సూది మీద తెరిచే ఉంటాయి. ఒకటి జారితే కింది వరసలదాకా నిచ్చెన మెట్లు పడతాయి. క్రోషాలో కొక్కెం సూది మీద సాధారణంగా ఒక్క ఉచ్చే ఉంటుంది. ప్రతి కుట్టూ ముగిశాకే తరువాతిది. చంటిపిల్ల సూదిని లాక్కుని ఎత్తుకుపోయినా జారేది ఒక్క ఉచ్చే. బదులుగా క్రోషా దారం ఎక్కువ తింటుంది, బట్ట మందంగా వస్తుంది. దుప్పటికి ఆ మందమే మేలు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయం చెబుతాను. నాలుగు చుట్లు వేసేసరికి కొత్తగా నేర్చుకునే వాళ్ల వృత్తం ఒక్కోసారి బోర్లించిన గిన్నెలా ముడుచుకుంటుంది, ఒక్కోసారి అంచు ముడతలు పడుతుంది. చెయ్యి తిరిగిన అమ్మమ్మలు చూడగానే “చుట్టుకు ఆరు పెంచాలే” అంటారు. ఆ ఆరు ఎక్కడిదో తెలుసా? వృత్తం వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు పెరిగినప్పుడల్లా చుట్టుకొలత రెండు ‘పై’ రెట్లు, అంటే 6.28 రెట్లు ఆ ఎత్తు మేర పెరగాలి. సింగిల్ క్రోషా కుట్టు ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానం. కాబట్టి ప్రతి చుట్టుకీ ఆరు కుట్లు అదనం: 6, 12, 18, 24. డబుల్ క్రోషా కుట్టు ఎత్తు దాదాపు రెండింతలు, అందుకే దానికి చుట్టుకు 12. మీరు బడిలో చదివే ‘పై’ విలువను అమ్మమ్మ వేళ్లు ఎప్పుడో కనిపెట్టాయి.

దీంతో టోపీ కొలత కూడా లెక్క కట్టొచ్చు. పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. దాన్ని 3.14తో భాగిస్తే 11. అంటే నడినెత్తి నుంచి మొదలుపెట్టి, వృత్తం 11 సెంటీమీటర్ల అడ్డం వచ్చేదాకా ఆరారు పెంచుతూ పోవాలి, అక్కడి నుంచి పెంచడం ఆపేయాలి. పెంచడం ఆపిన క్షణం నుంచి అల్లిక కిందికి దిగుతుంది, టోపీ అవుతుంది. క్రోషా సాగుతుంది గనక ఒక సెంటీమీటరు తగ్గించినా నష్టం లేదు. పెద్దవాళ్ల తల 56 అనుకుంటే అడ్డం 17, 18.

మరి ఆరుకంటే ఎక్కువ పెంచితే? ప్రతి చుట్టులోనూ కుట్లు రెట్టింపు చేస్తూ పొండి: 6, 12, 24, 48. పదో చుట్టులో చదునైన వృత్తానికి 60 కుట్లు ఉండాలి, మీ దగ్గర 3072 ఉంటాయి. అన్నిటికీ చోటు చాలక బట్ట కుచ్చులు కుచ్చులుగా లేస్తుంది. కోడిజుట్టు పువ్వు అంచు, కొన్ని పగడపు దిబ్బల అంచు ఇలాగే పెరుగుతాయి. యూక్లిడ్ చెప్పిన జ్యామితిలో ఒక గీతకు బయట ఉన్న చుక్క గుండా, ఆ గీతను తాకని గీత ఒక్కటే గీయగలం. ఈ కుచ్చుల తలంలో అలాంటివి లెక్కలేనన్ని. త్రిభుజం కోణాల మొత్తం 180 డిగ్రీలకు తక్కువే వస్తుంది. లొబచేవ్‌స్కీ, బోయాయ్ అనే గణితజ్ఞులు పందొమ్మిదో శతాబ్దంలో ఈ జ్యామితిని కాగితం మీద రూపొందించారుగాని, చేత్తో పట్టుకుని చూసే మంచి నమూనా దొరకలేదు. కాగితం ముక్కలు అతికించి చేసినవి చిరిగిపోయేవి. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్న డైనా టైమినా అనే లాట్వియా గణితజ్ఞురాలు కొక్కెం సూది అందుకుని ఆ తలాన్ని అల్లేశారు. దాన్ని మడత పెడితే గీత, విప్పితే మళ్లీ మామూలే. తరవాత ఆమె రాసిన పుస్తకానికి 2012లో ఆయిలర్ బహుమతి కూడా వచ్చింది. వందేళ్లకు పైగా పండితులకు అందని నమూనాను ఊలు ఉండ ఇచ్చింది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ వసారాలో కూర్చుని లేసు అల్లుతున్నవాళ్లను చూస్తే నాకు గౌరవం రెట్టింపయింది.

పసిపిల్లల సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ప్రేమతో చేసిన వస్తువే కీడు చేయకూడదు. టోపీ నిజంగా అవసరమే. పుట్టిన బిడ్డ చర్మంలో దాదాపు అయిదో వంతు తలదే, పెద్దవాళ్లకు పదో వంతు లోపు. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు మరీ అవసరం. కానీ ఏడాది లోపు పిల్లలు నిద్రపోయేటప్పుడు వదులుగా ఉన్న దుప్పటి పక్కన వద్దని పిల్లల వైద్యులు చెబుతారు. మొహం మీదికి జారితే వాళ్లు తీసుకోలేరు. పెద్ద చిల్లుల అల్లికలో, వేలాడే దారంలో చిట్టి వేళ్లు చుట్టుకుని రక్తం ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. పసివాళ్లకు అల్లేది దగ్గర కుట్టుతో అల్లండి, లోపలివైపు దారం కొసలు పూర్తిగా కుట్టేయండి. బొమ్మలకు పూసల కళ్లు పెట్టకండి, దారంతోనే కళ్లు కుట్టండి.

అన్నిటికంటే ముఖ్యం కలరా ఉండలు. పెద్దపిల్లకు అల్లిన స్వెట్టరు, టోపీ, మేజోళ్లు ట్రంకు పెట్టెలో ఆ ఉండలు వేసి దాచి, తరువాత పుట్టిన బిడ్డకు తీసి తొడగడం మన ఇళ్లలో మామూలు. ఆ ఉండలు చాలావాటిలో ఉండేది నాఫ్తలీన్. అది కరగకుండానే నేరుగా ఆవిరై బట్టలోకి ఇంకుతుంది. బిడ్డ ఊపిరితో పాటు లోపలికి పోతుంది, చర్మం గుండా కూడా పోతుంది, నూనె రాసిన ఒంటికి ఇంకా తొందరగా. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జి6పిడి అనే ఎంజైము తక్కువ ఉంటుంది. ఆ లోపం మగపిల్లల్లో ఎక్కువ. అలాంటి బిడ్డకు నాఫ్తలీన్ సోకితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, కామెర్లు ముదురుతాయి, మెదడుకు కూడా ముప్పు రావచ్చు. లోపం ఉందో లేదో ముందుగా మనకు తెలియదు. అందుచేత పసిపిల్లల బట్టల పెట్టెలో కలరా ఉండ వేయనే వద్దు. ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, గాలి చొరని కవరులో మూట కట్టి పెట్టండి. పురుగు తినేది కెరాటిన్ని. నూలు, అక్రిలిక్ బట్టలకు దాని భయం లేదు, మరకలు లేకుండా ఉంటే చాలు. ఇదివరకే ఆ వాసన పట్టినవాటిని ఉతికి వాడొచ్చంటారుగాని, నేనైతే పసిబిడ్డ ఒంటికి తగలనివ్వను.

ఊలు బట్ట ఉతకడం గురించి రెండు మాటలు. ఊలు పోగు మీద పొలుసులుంటాయి, అన్నీ ఒకే వైపుకు వాలి. వేడి నీళ్లలో నురగ పెట్టి రుద్దితే పోగులు ఒక దిక్కుగానే జరుగుతాయి, వెనక్కి రావు. అందుకే నిన్నటి స్వెట్టరు ఇవాళ బొమ్మకు సరిపోతుంది. చల్లటి నీళ్లలో కుంకుడు రసం వేసి ముంచి, నొక్కి పిండి, నీడన పరిచి ఆరేయండి. తీగ మీద వేలాడదీస్తే నీళ్ల బరువుకు సాగిపోతుంది. బిగువైపోయిన పాత స్వెట్టరును విప్పి, ఆ దారాన్ని నీళ్లలో తడిపి ఆరబెడితే వంకరలు చాలావరకు పోతాయి. కెరాటిన్ లోని హైడ్రోజన్ బంధాలు తడికి విడిపోయి, ఆరినప్పుడు కొత్త చోట్ల కట్టుకుంటాయి. అక్క స్వెట్టరు తమ్ముడి టోపీ కావడం ఇలాగే. అక్రిలిక్ కు మాత్రం ఇస్త్రీ పెట్టె చూపించకండి. ఒకసారి చదునైపోయిందంటే మళ్లీ పొంగదు, గాలి గదులన్నీ పోతాయి.

ఇక మన నరసాపురం. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల దగ్గర నేర్చుకున్న లేసు అల్లికను గోదావరి డెల్టా ఆడవాళ్లు తరతరాలుగా నిలబెట్టారు. 2024లో దానికి భౌగోళిక సూచిక గుర్తింపు దక్కింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ ఊళ్లలో ఉండి, 1982లో వెలువరించిన పుస్తకంలో బాధాకరమైన నిజం ఒకటి చెప్పింది. రోజంతా లేసు అల్లి విదేశాలకు పంపుతున్న స్త్రీలను అందరూ, వాళ్లతో సహా, ఖాళీగా ఉన్న గృహిణులుగానే లెక్కేశారు. అది పనిగా కాక కాలక్షేపంగా కనబడింది, కూలీ కూడా అలాగే వచ్చింది. బట్ట నేయడానికి మరమగ్గం వచ్చింది, స్వెట్టరు అల్లడానికి యంత్రం వచ్చింది. అసలైన క్రోషాను పెద్ద ఎత్తున అల్లే యంత్రం ఇంతవరకూ కార్ఖానాల్లోకి రాలేదు. ప్రతి కుట్టుకీ సూది ఎక్కడ దూరాలో, ఎటు తిరగాలో చెయ్యి నిర్ణయించాలి. బజారులో మీకు దొరికే అసలైన క్రోషా ముక్క ఏదైనా సరే, ఎవరో ఒకరు కూర్చుని కుట్టు కుట్టుగా అల్లిందే.

దాని వెనక ఎన్ని గంటలున్నాయో లెక్క కట్టొచ్చు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో హింకే ఒసింగా, బెర్న్డ్ క్రౌస్కోఫ్ అనే గణితజ్ఞులు లొరెంజ్ సమీకరణాలు అనే గణితంలోంచి వచ్చే మెలికల తలాన్ని క్రోషాగా మార్చినప్పుడు 25,511 కుట్లు, 85 గంటలు పట్టాయి. గంటకు మూడు వందల కుట్లు అన్నమాట. లెక్క చూసుకుంటూ అల్లాల్సిన కష్టమైన పని అది. నరసాపురం చేతులు అంతకంటే చాలా వేగంగా కదులుతాయి. సరే, గంటకు వెయ్యి అనుకోండి. ఈసారి లేసు టేబుల్ గుడ్డో, దుప్పటో కొనేటప్పుడు ఒక అరచేతి మేర కుట్లు లెక్కపెట్టండి, మొత్తానికి హెచ్చించండి, వెయ్యితో భాగించండి. వచ్చిన గంటలకు మీ ఊళ్లో రోజు కూలీ ఎంతో వేసి చూడండి. ఆ తరవాత అమ్మే మనిషితో బేరం ఆడకండి.